పొద్దు పొడవని ఆదివారం

మా ఊరి కాలువ కొల్లేట్లో కలిసే మూతి దగ్గర మావులు పెట్టే వంతు ఒకటి ఉంది. మావు అంటే వెదురు పుల్లలతో అల్లిన బుట్ట. చేప లోపలికి దూరగలదు, బయటికి రాలేదు. ఆ మూతిలో ఐదు మావులు పెట్టిన ఇల్లు ఆ నెలంతా కూరకీ గుడ్డకీ వెతుక్కోనక్కర్లేదు. అందుకే ఆ చోటు ఎవరి సొంతమూ కాదు, ఇంటికొక నెల చొప్పున తిరుగుతుంది.

దానికి ఒక కట్టుబాటు ఉంది. చీకట్లో మావు ఎత్తితే దొంగతనం కింద లెక్క. పొద్దు పొడిచాక ఎత్తితే బద్ధకం కింద లెక్క. అరచేతిలో గీతలు కనపడాలి, సూర్యుడు కనపడకూడదు. ఆ మధ్యలో ఐదూ నీళ్ళలోంచి లేవాలి. ఒక్క రోజు తప్పినా వంతు పక్క ఇంటికి పోతుంది. మగవాడున్న ఇల్లయితే మళ్ళీ ఏడాది దాని పేరు తిరిగి వస్తుంది. మొగుడు పోయినదాని ఇల్లయితే, ఒక్కసారి తప్పినా పేరే కొట్టేస్తారు. ఈ చివరి మాట ఎవరు పెట్టారని అడిగితే పూర్వం నుంచీ ఉందంటారు. మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ పూర్వం సంగతి నా చెవిన పడలేదు.

మా పక్క ఇల్లు మా మరిదిది.

ఆయన పోయాక మూడో చలికాలం నా వంతు నడుస్తోంది. ఇరవై రోజులు తప్పకుండా ఎత్తాను. జ్వరం వచ్చినా ఎత్తాను. ఇంకో పది రోజులు గడిస్తే ఇంటి పేరు నిలబడినట్టే. అలాంటప్పుడు మా సంఘం పెద్దాయన రేవులో అందర్నీ పోగేసి ఒక కబురు చెప్పాడు. పట్నం వాళ్ళు ఆదివారం మన కొల్లేరు చూడ్డానికి వస్తారట. ఊరికే చూడరట. ప్లాస్టిక్ పడవల్లో తెడ్లు వేసుకుంటూ వెళ్ళి నీళ్ళ మీద సూర్యోదయం చూస్తారట, ఆ తరువాత ముఖానికి అద్దం కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, నీళ్ళలో తల ముంచి చేపల్ని చూస్తారట. ఆ పడవని కయాక్ అంటారని, అది బాగా నడిస్తే ప్రతి ఆదివారం వస్తారని, మన రేవుకి పేరు వస్తుందని చెప్పాడు.

"కొల్లేట్లో తల ముంచితే ఏం కనపడతాదండి?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"అది వాళ్ళ సరదా. నీకెందుకు?" అన్నాడు పెద్దాయన.

అక్కడితో ఆగితే నాకు బాధ లేదు. ఆదివారం తెల్లవారుజాము నుంచి వాళ్ళు తిరిగి వచ్చేదాకా రేవులో ఒక్క దోనె కూడా కదలకూడదన్నాడు. మా తాటి దోనెలు కయాక్‌లకి తగులుతాయట, ఫోటోల్లో పడితే బాగోదట. పుట్టినప్పటి నుంచి ఆ దోనెల మీదే బతికాం, ఫోటోకి పనికిరామని ఆ రోజే తెలిసింది.

"మరి నా మావులండి? మూతి దగ్గరికి గట్టు మీద నడిచి పోవడానికి లేదు. మధ్యలో అంతా ఊబి," అన్నాను.

పెద్దాయన నోరు తెరిచేలోపు మా మరిది అందుకున్నాడు. "వాళ్ళు ఊరి ఆడమనిషి ఒకరు కూడా ఉండాలన్నారు కదండీ, దారి చూపించడానికి. మా వదిన్ని పంపండి. ఎలాగూ మూతి దగ్గరికే వెళ్తారు. దారిలో మావులు ఎత్తేసుకుంటాది." అంత మంచిగా అతను నా గురించి మాట్లాడి చాలా ఏళ్ళయింది. పెద్దాయన బాగుందన్నాడు. అందరూ బాగుందన్నారు. నేనూ అలాగేనండి అన్నాను. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటుంటే అప్పుడు తట్టింది. దోనె నా చేతిలో ఉంటే నేను ఎప్పుడు బయలుదేరాలో నాకు తెలుసు. కయాక్ నా చేతిలో ఉండదు.

ఆదివారం నాలుగున్నరకే రేవులో ఉన్నాను. ఈ సరదా నడిపే కంపెనీ వాళ్ళు ముందు రోజే తెచ్చి పెట్టిన కయాక్‌లు వరసగా బోర్లించి ఉన్నాయి. పసుపు పచ్చవి, ఎర్రవి, పిల్లల ప్లాస్టిక్ చెప్పుల్లాగా ఉన్నాయి. అవి నడపడం నేర్పించే ఆయన విశాఖపట్నం నుంచి వచ్చాడు. సముద్రం మీద నేర్పిస్తాడట. అందరూ కోచ్ గారు అంటుంటే నేనూ అలాగే పిలిచాను. మర్యాదస్తుడు. నా చేతిలో ఒక కాగితం పెట్టాడు.

"ఇందులో మీకు నీళ్ళలో ఎంత అనుభవముందో రాయాలమ్మా. ఈత వచ్చా?"

"వచ్చండి."

"ఎక్కడ నేర్చుకున్నారు?"

"పడేశారండి. వచ్చేసింది."

ఆయన కొత్తగా నేర్చుకునేవాళ్ళ గడిలో టిక్కు పెట్టాడు. "ఎప్పుడైనా కయాక్ ఎక్కారా?" అంటే లేదన్నాను కాబట్టి కొత్తదాన్నే. కింద సంతకం పెట్టమన్నాడు. సంతకం వరకు నాకు వచ్చు. కూడబలుక్కుని చదివితే, నేను మునిగిపోతే కంపెనీకి ఏమీ సంబంధం లేదని ఉంది.

"నీళ్ళంటే భయమా అమ్మా?" అన్నాడు నా ముఖం చూసి.

"నీళ్ళంటే లేదండి. మీరంటేనే కొంచెం," అన్నాను.

ఐదింటికి రావలసిన వ్యాను రాలేదు. అది తాడేపల్లిగూడెంలో కొందరిని, ఏలూరులో కొందరిని ఎక్కించుకుని రావాలి. కోచ్ గారు ఫోన్ చేస్తే, దెందులూరు దగ్గర హైవే మీద ఇడ్లీ వేడిగా ఉందని దిగారట. సూర్యోదయం చూడ్డానికి ఖాళీ కడుపుతో వెళ్ళకూడదట. నేను అరచెయ్యి చూసుకుంటూ గట్టు మీద నిలబడ్డాను. మొదట ఏమీ కనపడలేదు. తరువాత వేళ్ళు కనపడ్డాయి. తరువాత గీతలు కనపడ్డాయి. మా మరిది కూడా కొంచెం దూరంలో నిలబడి తన చెయ్యి చూసుకుంటున్నాడు. నా వైపు తిరిగి నవ్వాడు. పొగమంచు మాత్రం కొల్లేటి మీద దుప్పటి కప్పినట్టు పడుకుని ఉంది.

వ్యాను వచ్చేసరికి గీతలేంటి, నా అరచేతిలో పాత కత్తి గాటు కూడా కనపడుతోంది. ఎనిమిది మంది దిగారు. అందులో ఇద్దరే నాకు గుర్తున్నారు. తాడేపల్లిగూడెంలో కాలేజీ పాఠాలు చెప్పే మేడం గారు, ఏలూరులో బ్యాంకులో పనిచేసే ఆవిడ భర్త. ఈవిడ ఆరు రోజులు గూడెంలో, ఆయన ఆరు రోజులు ఏలూరులో, ఆదివారం ఇద్దరూ ఒక చోట. ఆ ఒక్క ఆదివారం కూడా ఇలా నీళ్ళలో తల పెట్టాలని ఎవరికి తోచిందో ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్నారు.

ఇక వెంటనే ఎక్కుతాం అనుకున్నాను. కోచ్ గారు అందర్నీ గట్టు మీద వరసగా నేల మీద కూర్చోబెట్టాడు. కాళ్ళు చాపించాడు. రెండు వైపులా రెక్కలున్న తెడ్డు తలా ఒకటి చేతిలో పెట్టాడు. ఇక తొయ్యండి అన్నాడు.

"దేన్నండి?" అన్నాను.

"గాలిని. ముందు చేతులకి అలవాటవ్వాలి."

ఎనిమిది మంది చదువుకున్నవాళ్ళు, నేను, లైఫ్ జాకెట్లు తొడుక్కుని మట్టిలో కూర్చుని గాలిని తోశాం. కుడి, ఎడమ, కుడి, ఎడమ. రేవులో బిందెలు కడుగుతున్న ఆడవాళ్ళు పని ఆపేశారు. "ఒదినా, ఏలూరు చేరిపోయావా?" అని ఒకతె అరిచింది. "ఇంకా మన ఊరి పొలిమేరలోనే ఉన్నాను," అన్నాను. బ్యాంకు ఆయన మాత్రం చాలా శ్రద్ధగా తోస్తున్నాడు. ఆయన గాలి నా గాలి కన్నా బాగుందని కోచ్ గారు మెచ్చుకున్నాడు. నా మనసంతా తూరుపు మీద ఉంది. నలభై ఏళ్ళు దోనె నడిపినదాన్ని, నేల మీద కూర్చుని గాలికి తెడ్డు వేస్తుంటే నా మొగుడి పేరు నిలబడాల్సిన పొద్దు అక్కడ కరిగిపోతోంది.

తెడ్లు పుచ్చుకుని అందరం లేచేసరికి మంచు వెనక, రొయ్యల చెరువుల మీదుగా, ఎర్రగా గుండ్రంగా ఒకటి కనపడింది. మేడం గారే ముందు చూసింది.

"అయ్యో, అదుగో సూర్యుడు వచ్చేసినట్టున్నాడు కదండీ? మనం నీళ్ళ మీద ఉండగా చూడాలి కదా?"

బ్యాంకు ఆయన తెడ్డు కింద పెట్టేశాడు. "టిక్కెట్టు మీద నీటి మధ్య సూర్యోదయం అని రాశారు. ఇలా గట్టు మీద చూడ్డానికైతే మా మేడ మీద కూడా కనపడతాడు."

కోచ్ గారు పెద్దాయన ముఖం చూశాడు. అప్పుడు మా మరిది ముందుకు వచ్చాడు. ఆ కంపెనీ వాళ్ళ దగ్గర ఆదివారాలు వంట పని అతని పెళ్ళానికి ఇప్పిస్తానని పెద్దాయన మాట ఇచ్చాడట, అది తరువాత తెలిసింది. అతను చేతులు కట్టుకుని ఎంతో మెత్తగా అన్నాడు.

"అది సూర్యుడు కాదండీ బాబుగారూ. రొయ్యల చెరువు లైటండి. కాపలాకి ఏత్తారు. మంచులో అలా ఎర్రగా కనపడతాది."

"అంత పెద్దదా?" అంది మేడం గారు.

"పెద్ద చెరువండి," అన్నాడు పెద్దాయన. "ఈ చలికాలంలో మా కొల్లేటికి పొద్దు ఆలస్యంగా వత్తాదండి. మీరు కంగారు పడకండి. మీరు ఎల్లేదాకా రాడు."

బిందెల దగ్గర ఆడవాళ్ళని అడిగారు. వాళ్ళూ లైటేనన్నారు. పెద్దాయన చూస్తుండగా ఇంకేమంటారు. నన్ను అడిగారు. నేను మా మరిది ముఖం చూశాను. "వాళ్ళే చెప్తున్నారు కదండీ," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నేనేమీ ఎత్తు వెయ్యలేదు. తొందరగా పడవ ఎక్కితే చాలనుకున్నాను. నిజానికి మంచులో నాకే సరిగ్గా తెలియలేదు. చెరువు లైట్లు కూడా ఆ వైపే ఉంటాయి.

నా కయాక్‌లో ముందు నేను, వెనక కోచ్ గారు. కాళ్ళు చాపుకుని నీటికి అంత కిందుగా కూర్చోవడం నాకు బతికుండగా పాడె ఎక్కినట్టుంది. దోనె మీద నేను నిలబడి గెడ వేస్తాను. నాలుగు పోట్లకి మూతి దగ్గర ఉంటాను. ఇక్కడ నేను కుడి వేస్తే ఆయన ఎడమ అంటాడు. కిక్కిస గడ్డి వారగా పోతే సగం దూరం తగ్గుతుందని చెప్పాను. "మ్యాపు ప్రకారం వెళ్దామమ్మా," అన్నాడు. మ్యాపు నీళ్ళ మీద అల్లుకున్న గుర్రపు డెక్కలోకి తీసుకెళ్ళింది. అది చుట్టుకుని కయాక్ కదలడం మానేసింది. మా వెనక వస్తున్న వాళ్ళందరూ మమ్మల్ని నమ్మి అందులోకే వచ్చారు.

అప్పుడు నేను చేసిన పనికి ఊరు ఇప్పటికీ నవ్వుతుంది. అడ్డం వచ్చిన డెక్కని గెడతో పక్కకి నెట్టాలంటే దోనె మీద లేచి నిలబడతాం. చేతిలో పొడుగ్గా ఉన్నది తెడ్డని మరిచిపోయాను, కింద ఉన్నది దోనె కాదనీ మరిచిపోయాను. లేచి నిలబడి, ఒక పోటు పొడిచాను. కయాక్ అటు తిరిగింది, నేను ఇటు తిరిగాను, కోచ్ గారు ఎటు తిరిగాడో చూడలేదు. ఇద్దరం నీళ్ళలో ఉన్నాం. నలభై ఏళ్ళలో పడవ మీంచి పడలేదు నేను. పట్నం వాళ్ళు ఒక్కరు కూడా పడలేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళలో పడ్డది నేనొక్కదాన్నే.

"భయపడకండి, జాకెట్ తేలుస్తుంది," అని కోచ్ గారు అరుస్తున్నాడు. ఆయన జాకెట్ ఆయన్ని నిజంగానే తేలుస్తోంది, కాళ్ళు కొట్టుకుంటున్నాడు. సముద్రం మనిషి కదా, కింద నేల ఉంటుందని తోచలేదు.

"నిలబడండి బాబూ," అన్నాను. నిలబడ్డాడు. నీళ్ళు రొమ్ము దాకా వచ్చాయి.

పడటమే మంచిదైంది. కయాక్ తాడు పట్టుకుని నడుచుకుంటూ బయలుదేరాను. ఎక్కడ నేల గట్టిగా ఉంటుందో, ఎక్కడ ఊబి మొదలవుతుందో నా కాళ్ళకి తెలుసు. మిగతా వాళ్ళకి వెనకే రమ్మని చెప్పాను. మూతి దగ్గరికి చేరేసరికి మొదటి మావు కర్ర కనపడింది. కోచ్ గారు తడిసిన మ్యాపు చూసుకుని, అందరూ అద్దాలు పెట్టుకోవలసిన చోటు కూడా ఇదేనన్నాడు. చేపలుండే చోటని మా పెద్దాయనే చెప్పాడట. ఉండవా మరి. నా మావులున్నది అక్కడే.

వాళ్ళు దిగి, అద్దాలు తగిలించుకుని, గొట్టాలు కొరుక్కుని, తలలు ముంచారు. నేను మొదటి మావు ఎత్తాను. వాళ్ళు తలలు ఎత్తారు.

"ఏమీ కనపడటం లేదండీ. అంతా టీ రంగులో ఉంది," అంది మేడం గారు.

"నిదానంగా చూడండి. కళ్ళు అలవాటు పడాలి," అన్నాడు కోచ్ గారు.

మళ్ళీ ముంచారు. నేను రెండోది ఎత్తి కయాక్‌లో కుమ్మరించాను. మూడోది ఎత్తాను. కొరమేనులు రెండు, జెల్లలు, మట్టగిడసలు, ఒక పీత, ఆ పసుపు పచ్చ ప్లాస్టిక్‌లో టపటపా కొట్టుకుంటుంటే చప్పుడు విని బ్యాంకు ఆయన వచ్చాడు. అద్దం తియ్యలేదు, గొట్టం తియ్యలేదు. కయాక్ అంచు పట్టుకుని ముఖం లోపల పెట్టి చూస్తున్నాడు. "కనపడుతున్నాయి," అని గొట్టంలోంచి చెప్పాడు. అందరూ వచ్చారు. ఎనిమిది మందీ అద్దాలు పెట్టుకుని నా చేపల చుట్టూ నిలబడ్డారు. ఒకావిడ మావు పట్టుకుని ఫోటో అంది. ఇంకొకావిడ పీతకి ఏమైనా పెట్టవచ్చా అని అడిగింది.

"జరగండి తల్లీ. ఇంకా రెండున్నాయి," అన్నాను. జరగరు. చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను. కోచ్ గారు, "వాళ్ళని ముట్టుకోకూడదమ్మా," అన్నాడు. నాలుగోది ఎత్తేసరికి మంచు ఒక చోట చినిగింది. ఐదోది మట్టిలో కూరుకుపోయింది. రెండు చేతులా లాగుతుంటే వీపు మీద వెచ్చగా తగిలింది. తిరిగి చూడలేదు. చూడనిది ఉండదనుకున్నాను కాబోలు. మావు పైకి వచ్చింది. అందులో ఒక్క చేప కూడా లేదు.

మంచు చినిగిన సందులోంచి, ఊబికి అవతల రేవు గట్టు మీంచి మా మరిది కేక వినపడింది. "వదినా, పొద్దెక్కిపోయింది. అయిపోయింది నీ వంతు."

రేవుకి తిరిగి వచ్చేసరికి కంపెనీ వాళ్ళ కుర్చీలో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. వచ్చినవాళ్ళకి ఆయన పక్కనే ఉప్మా పెడుతున్నారు. నేను తడి చీరతో, కాళ్ళ దగ్గర చేపలతో నిలబడ్డాను. మా మరిది ఊరంతా వినేటట్టు చెప్పాడు.

"ఐదో మావు పొద్దు పొడిచాక ఎత్తింది. నా కళ్ళతో చూశాను. నాకేం కక్ష లేదు. కట్టుబాటు కట్టుబాటే. వంతు తప్పినట్టే, ఇంటి పేరు కొట్టెయ్యాల్సిందే."

"ఎంత పొడిచాక?" అన్నాడు పెద్దాయన.

"బాగా పైకి వచ్చేశాడండి. చాలాసేపైంది. ఆళ్ళు గాలికి తెడ్లు ఏసేటప్పుడే..." అని ఆగిపోయాడు.

ఉప్మా తింటున్న మేడం గారు చెంచా దించింది. పాఠాలు చెప్పే మనిషి కదా, వదలదు. "అదేంటండీ? అప్పుడు కనపడింది చెరువు లైటని మీరే అన్నారు కదా?"

మా మరిది తలపాగా సర్దుకున్నాడు.

"అది లైటా, సూర్యుడా? సూర్యుడైతే మేము నీళ్ళలోకి వెళ్ళకముందే అయిపోయిందన్నమాట. మరి మాకు చూపించింది ఏంటండీ?"

"అయితే టిక్కెట్టు డబ్బులు వెనక్కివ్వాలి," అన్నాడు బ్యాంకు ఆయన. జుట్టులో నాచు ఉంది గానీ గొంతు బ్యాంకులోదే. కోచ్ గారు పెద్దాయన వైపు చూశాడు. వచ్చే ఆదివారాలన్నీ ఆ చూపులో ఉన్నాయి. పెద్దాయన మా మరిది వైపు చూశాడు.

"చెప్పవయ్యా. లైటా, కాదా?"

మా మరిది పెళ్ళాం ఉప్మా గిన్నె దగ్గర గరిటె పట్టుకుని నిలబడి ఉంది. అతను ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"లైటేనండి," అన్నాడు.

"మరి పొద్దు ఎప్పుడు పొడిచింది?"

"అదేనండి... ఈళ్ళు తిరిగి వత్తున్నప్పుడు."

"మీరంతా చూశారు కదండీ?" అని పెద్దాయన వచ్చినవాళ్ళని అడిగాడు. చూశామన్నారు. చాలా బాగుందని ఒకావిడ చెప్పింది. డబ్బు పెట్టి వచ్చినవాళ్ళు, చూడలేదని ఇంటికెళ్ళి ఎలా చెప్పుకుంటారు. బిందెల ఆడవాళ్ళు కూడా తిరిగి వస్తున్నప్పుడే పొడిచిందన్నారు. ఊరంతా ఒక మాట మీద ఉండగా నేను చూడటం అదే మొదలు. ఆక్రమణ అని సర్కారు వాళ్ళు వచ్చి మా చేపల చెరువుల గట్లు కొట్టేసిన రోజున కూడా అలా ఉండలేదు.

"అయితే వంతు తప్పలేదు," అన్నాడు పెద్దాయన. అంతే. మా మరిది తలపాగా విదిలించుకుని వెళ్ళిపోయాడు.

వ్యాను కదిలాక పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకున్నాడు.

"నిజం చెప్పవే అమ్మాయ్. ఆ ఐదోది ఎత్తినప్పుడు పొద్దు పొడిచిందా, లేదా?"

వీపు ఇంకా వెచ్చగానే ఉంది. మా ఆయనైతే పొడిచిందని ఒప్పేసుకుని, వంతు వదిలేసి, ఇంటికొచ్చి నా మీద అరిచేవాడు. ఆయన పేరు మగవాడి పేరు, మళ్ళీ ఏడాది తిరిగి వచ్చేది. నాది రాదు.

"మీరు పొడిచిందన్నాకే పొడిచిందండి," అన్నాను.

చేపలు ఎండలో ఉన్నాయి. ఏలూరు చేపల బండి పోయేలోపు మంచు గడ్డ వెయ్యాలని తట్ట ఎత్తుకున్నాను.